గుండీల సీసాలో తాళం

మా పెద్దమ్మ లాండ్రీలో నేను పనికి చేరిన రోజు ఆమె నాకు సబ్బు గురించి చెప్పలేదు, మిషన్ల గురించీ చెప్పలేదు. జేబుల గురించి చెప్పింది.

"చొక్కా చేతిలోకి రాగానే ముందు పై జేబు. ప్యాంటుకి నాలుగు, వెనకవి మర్చిపోకు. కళ్ళతో చూస్తే చాలదు, వేళ్ళు మూల దాకా పోవాలి. ఒక్క పెన్ను లోపలికి పోయిందనుకో, నలభై చొక్కాలు నీలమైపోతాయి. ఆ తర్వాత నువ్వు ఏడ్చినా నేను ఏడ్చినా అవి తెల్లబడవు."

మాట వరసకి అన్నది కాదు. కౌంటరు వెనక గోడకి నీలం మరకల చొక్కా ఒకటి వేలాడుతూ ఉంటుంది. దుకాణం తెరిచిన మొదటి నెలలో పాడైన చొక్కా అది. దాని సొంతదారుడికి కొత్తది కొనిచ్చి, పాతదాన్ని మేకుకి తగిలించింది పెద్దమ్మ. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో పెన్ను కాదు కదా, అగ్గిపుల్ల కూడా ఆమె కళ్ళుగప్పి మిషన్లోకి పోలేదు.

రెండో నియమం, దొరికింది ఏదీ పారేయకూడదు. చిల్లర, ఉంగరాలు, కాగితాలు అయితే చీటీ రాసి ఎవరివి వాళ్ళకి ఇచ్చేయాలి. ఊడిన గుండీలు మాత్రం కౌంటరు కింద ఉన్న పెద్ద గాజు సీసాలోకి పోతాయి. ఎవరి చొక్కాకైనా గుండీ లేకపోతే అందులోంచి ఒకటి వెతికి కుట్టి ఇస్తాం. రోజూ సాయంత్రం మిషన్ల కింది జల్లెడలు తీసి, పీచూ నూగూ కడిగి, అందులో చిక్కుకున్నవి ఏరడం నా పని.

పల్లెలో పదో తరగతి దాకా చదివి నేను ఇక్కడికి వచ్చి మూడేళ్ళయింది. రోజంతా కలిపి నేను పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే పెద్దనాన్నకి చేతికి ఎంత పనో నోటికీ అంతే పని. ఆయనే నాకు 'పొదుపు' అని పేరు పెట్టాడు. "మా పొదుపు ఏమంటుంది?" అని అడుగుతాడు. నేను ఏమీ అనను. "చూశారా, వడ్డీ కూడా రాల్చదు," అంటాడు.

ఇంత జాగ్రత్త నేర్పిన మా పెద్దమ్మ ఒక మంగళవారం మధ్యాహ్నం తన ఏప్రాన్ తానే విప్పి, తానే మిషన్లో పడేసి, తానే మీట నొక్కింది. ఆ ఏప్రాన్ జేబులో కారు తాళం ఉంది.

ఆ కారు గురించి కాస్త చెప్పాలి. చిన్న తెల్ల కారు. వెనక సీట్లు తీసేసి మూటలకి చోటు చేసుకున్నాం. పెద్దమ్మ యాభై ఏళ్ళు దాటాక బండి నేర్చుకుని, వాడిన కారు కొనుక్కుంది. కొన్నప్పుడు ఒక్కటే తాళం ఇచ్చారు. రెండోది ఇంట్లో ఎక్కడో ఉంది, దొరకగానే పంపిస్తానన్నాడు అమ్మినాయన. ఐదేళ్ళయింది. "ఇంకా వెతుకుతున్నాడు పాపం," అంటాడు పెద్దనాన్న. ఉన్న ఆ ఒక్క రిమోట్ తాళం డొప్ప కూడా ఎప్పుడో పగిలింది. రబ్బరు బ్యాండు చుట్టి వాడుకుంటున్నాం.

మిషను ఆగేసరికి ఏప్రాన్ తెల్లగా మెరిసిపోతూ బయటికి వచ్చింది. దాని వెనకే, తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతలోంచి తాళం డొప్ప రెండు ముక్కలుగా వచ్చింది. రబ్బరు బ్యాండు లేదు. నొక్కితే బయటికి దూకే ఇనుప చెవి, మొదలు దగ్గర విరిగి వేలాడుతోంది.

పెద్దమ్మ ఆ ముక్కలని అరచేతిలో పెట్టుకుని, గోడ మీది నీలం చొక్కా వంక చాలాసేపు చూసింది.

"ఇరవై రెండేళ్ళు," అంది చివరికి.

పెద్దనాన్న ఆ రోజు ఒక్క జోకూ వెయ్యలేదు. పరిస్థితి ఎంత చెడ్డదో అప్పుడు నాకు అర్థమైంది.

ఎందుకంటే అది మామూలు వారం కాదు. ఊళ్ళో కంటి ఆసుపత్రి వాళ్ళు తమ దుప్పట్లు, గౌన్లు, తువ్వాళ్ళు మొత్తం మాకే ఇవ్వబోతున్నారు. ఒక వారం పరీక్షగా ఇచ్చి చూస్తున్నారు. వాళ్ళ పెద్ద నర్సు ముందే వచ్చి, మా గదులన్నీ తిరిగి, రెండు షరతులు పెట్టింది. మూటలు మూసి ఉన్న బండిలోనే రావాలి. బట్టలు ఆరుబయట ఆరేయకూడదు, సొంత డ్రైయర్ ఉండాలి. సోమవారం వచ్చి డ్రైయర్ కళ్ళారా చూశాకే సంతకం. లేకపోతే ఆ పని వేరే లాండ్రీకి పోతుంది. పెద్దమ్మ పాత డ్రైయర్ ఒకటి బేరమాడి బయానా ఇచ్చింది. శనివారం వాళ్ళు తెచ్చి దింపుతారు, దింపిన చోటే మిగతా డబ్బు చేతిలో పెట్టాలి. ఆ డబ్బు కవరులో పెట్టి సిద్ధంగా ఉంచింది. ఇంకెక్కడా ఏమీ లేదు.

అంటే తాళానికి ఖర్చు పెట్టేది ఏదైనా ఆ కవరులోంచే రావాలి.

బుధవారం పొద్దున్న మూటలు అద్దె వ్యానులో పంపించాం, రోజూ అయితే ఆ అద్దె కట్టలేం. కాసేపటికి పెద్దనాన్న కొత్త ఇనప తాళంచెవి పట్టుకుని వచ్చాడు. చెప్పులు కుట్టే కొట్లో నకలు తాళాలు కూడా చేస్తారు. విరిగిన చెవిని చూపించి, దాని మాదిరిగా ఇంకొకటి కోయించాడు.

"చూశావా? టీ డబ్బులతో అయిపోయింది. చెవి విరిగింది, చెవి చేయించా. దీనికి ఊరంతా తిరగడం ఎందుకు?"

ఆ చెవి పెట్టి తిప్పితే కారు తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ మొహంలోకి కళ వచ్చింది. కూర్చుని తాళం తిప్పింది. ఇంజన్ గరగరమని లేచి, ఒక్క క్షణం ఊపిరి పీల్చి, చప్పబడిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే. స్టీరింగు వెనక ఎర్ర దీపం ఒకటి, తాళంకప్ప బొమ్మతో, గబగబా ఆరి వెలుగుతోంది.

"బ్యాటరీ అయ్యుంటుంది," అన్నాడు పెద్దనాన్న.

"బ్యాటరీ పోతే అసలు గరగరా అనదుగా," అంది పెద్దమ్మ.

నేను ఆ దీపాన్నే చూస్తున్నాను. తలుపు ఒప్పుకుంది, ఇంజన్ ఒప్పుకోలేదు. తలుపుకి కావాల్సింది ఒకటి, ఇంజన్‌కి కావాల్సింది ఇంకొకటి అన్నమాట. ఆ రెండోది ఏమిటో ఈ ఇనప ముక్కకి తెలియదు. ఇంత అనుకున్నాను కానీ పైకి అనలేదు.

"దీన్ని పారేస్తావా?" అంది పెద్దమ్మ ఆ నకలు తాళం చూపించి.

"మన ఇంట్లో ఏదైనా పారేయడం ఉందా?" అని పెద్దనాన్న దాన్ని మేకుకి తగిలించాడు.

ఆ మధ్యాహ్నమే నేనూ పెద్దమ్మా షోరూముకి వెళ్ళాం. గాజు గోడలు, చలి, పాలిష్ నేల. కౌంటరు దగ్గర టై కట్టుకున్న అబ్బాయి మా తాళం ముక్కలు ఉన్న ప్లాస్టిక్ సంచీని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, దింపి, కంప్యూటర్‌లో ఏదో కొట్టాడు.

"మేడమ్, ఈ మోడల్‌కి తాళం ఒక్కటే రాదు. సెట్టు వస్తుంది. రెండు రిమోట్లు, తలుపుల తాళాలు, లోపలి కంప్యూటర్ పెట్టె. అన్నీ మార్చాలి. బండిని లాక్కొచ్చి ఇక్కడ వదిలేస్తే పది రోజులు."

"తలుపులకేమైంది బాబూ? అవి శుభ్రంగా ఉన్నాయిగా."

"సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్."

"మీ సిస్టమ్ ఒకసారి ఈ తాళం విప్పి చూసిందా?"

ఆ అబ్బాయి నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "విప్పడం మా దగ్గర ఉండదు మేడమ్. మార్చడమే."

కాగితం మా వైపు తిప్పాడు. కింది అంకె చూశాను. డ్రైయర్‌కి ఇవ్వాల్సిన దాంట్లో సగానికి పైనే. పెద్దమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. పెట్టుకున్న వెంటనే చెయ్యి మళ్ళీ జేబులో పెట్టి, కాగితం అక్కడే ఉందని తడిమి చూసుకుంది. నిన్నటి నుంచి ఆమెకి అదే పని.

"ఆలోచించుకుని చెప్తాం," అని లేచింది. తలుపు దాకా వెళ్ళి, ఉండలేక వెనక్కి వచ్చింది. "బాబూ, నీ టై మీద నూనె మరక. వేడి నీళ్ళు తగలనివ్వకు, గట్టిగా పట్టేస్తుంది. సుద్దపొడి చల్లి గంటసేపు వదిలెయ్యి."

అతను టై వంక చూసుకునే లోపల మేం బయటికొచ్చేశాం.

షోరూము పక్క సందులో బూడిదరంగు చొక్కా వేసుకున్న మెకానిక్ ఒకతను గోడకి ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు. అతని మొహం నాకు తెలియదు. చొక్కా తెలుసు. పోయిన నెల దాని రెండో గుండీ నేనే కుట్టాను, దారం రంగు సరిగ్గా కలవలేదు. పెద్దమ్మ మోచెయ్యి గిల్లి చూపించాను.

"ఏం నాయనా, మన చొక్కాయేనా?" అంది పెద్దమ్మ.

అతను ఉలిక్కిపడి, గుర్తుపట్టి, నవ్వాడు. "అమ్మా, మీరా! ఇక్కడికేంటి?"

పెద్దమ్మ ముక్కల సంచీ చూపించి, కాగితం విప్పింది. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇంత పెట్టకండమ్మా. పాత బజారులో గడియారాల కొట్టు పక్కన, మెట్ల కింద ఒక తాత ఉంటాడు. ముందు ఆయన చేత దీన్ని విప్పించండి. విప్పకుండా రేటు చెప్పేవాడి మాట వినొద్దు. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి."

"నువ్వెవరో నాకు తెలీదు," అంది పెద్దమ్మ. "నీ ఇంకో చొక్కా మాత్రం శుక్రవారానికి రెడీ."

గురువారం పొద్దున్నే వెళ్ళాం. మెట్ల కింద గది అంటే నిజంగా మెట్ల కిందే. తాత కూర్చుంటే తల పైమెట్టుకి జానెడు దూరంలో ఉంటుంది. గోడల నిండా తాళాలు. గుమ్మానికి ఒకప్పుడు ఆకుపచ్చగా ఉండి ఉండొచ్చు అనిపించే తెర. దాన్ని చూసి పెద్దమ్మ కళ్ళు చిట్లించింది.

పెద్దమ్మ ఇచ్చిన సంచీ అందుకుని తాత బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, సన్నటి బద్దతో డొప్ప విప్పి, ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టాడు. విరిగిన చెవి. నాణెంలాంటి బ్యాటరీ. నొక్కే మీటల కింద ఉండే ఆకుపచ్చ సర్క్యూట్ పలక. తర్వాత డొప్పలో ఒక మూలకి భూతద్దం పెట్టి చూసి, దాన్ని నా చేతికిచ్చాడు.

"ఏం కనిపిస్తోంది?"

"ఖాళీ," అన్నాను.

"ఖాళీ ఉండకూడదు. అక్కడ గింజ ఉండాలి." సొరుగులోంచి వేరే బండి తాళంలోని చిన్న నల్ల ముక్క తీసి గుడ్డ మీద పెట్టాడు. పుచ్చగింజంత ఉంది. ఒక పక్క మందం, ఇంకో పక్క సన్నం. "ఇదే అసలు తాళం. మిగతాదంతా డొప్పే. తాళం తిప్పగానే బండి 'ఎవరు?' అని అడుగుతుంది. ఈ గింజ 'నేనే' అంటుంది. జవాబు రాకపోతే బండి నోరు మూసుకుంటుంది."

"మరి ఇప్పుడు?" అంది పెద్దమ్మ.

"మీ గింజ ఉంటే అరగంట పని. కొత్త డొప్ప, కొత్త చెవి, పలక స్పిరిటుతో కడిగి ఒక స్విచ్చి మార్చడం. రెండు దుప్పట్ల ఉతుకు ఖర్చవుతుంది మీకు. గింజ లేకపోతే బండి మెదడుతో మాట్లాడే మిషను కావాలి. నా దగ్గర లేదు. వేరే ఊరి నుంచి మనిషి రావాలి. షోరూమంత కాదు కానీ, బాగానే గుంజుతాడు. వచ్చేదీ వచ్చే వారమే."

పెద్దమ్మ స్టూలు మీద కూర్చుంది. వచ్చే వారం అంటే సోమవారం దాటిపోతుంది.

నేను ఆ నల్ల గింజ వంకే చూస్తున్నాను. మందం పక్క, సన్నం పక్క. రంధ్రాలు లేవు.

"తాతా," అన్నాను. "వేడి నీళ్ళలో, సబ్బులో పడితే అది పాడైపోతుందా?"

"దానికి లోపల బ్యాటరీ లేదు, నోరు లేదు, ఏమీ లేదు తల్లీ. మహా మొండి ఘటం. సుత్తి పెట్టి కొడితే తప్ప చావదు."

"పెద్దమ్మా. సీసా."

"ఏ సీసా?"

"గుండీల సీసా. మంగళవారం సాయంత్రం జల్లెడలో దొరికింది. నల్లగా, ఇలాగే. రంధ్రాలు లేవేంటా అనుకున్నా. విరిగిన గుండీ అనుకుని సీసాలో వేసేశాను."

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. "పారెయ్యలేదుగా?"

"నువ్వే కదా పారెయ్యొద్దన్నావు."

ఆమె లేచిన వేగానికి తల మెట్టుకి కొట్టుకుంది. తడుముకోను కూడా లేదు.

దుకాణానికి వచ్చేసరికి పెద్దనాన్న ఇస్త్రీ చేస్తున్నాడు. మేమిద్దరం రొప్పుతూ కౌంటరు కిందికి దూరి సీసా బయటికి లాగాం. "మంగళవారం వేశాను, పైనే ఉండాలి," అన్నాను.

పెద్దనాన్న ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. సంగతి విన్నాక ఆయన మొహం వాడిపోయింది.

"పైన ఉండదు."

"ఎందుకుండదు?"

"నిన్న లెక్కల మాస్టారి కోటుకి గోధుమరంగు గుండీ కావాల్సొచ్చింది. సీసా మొత్తం బోర్లించి వెతికి, మళ్ళీ నింపేశా."

"గుండీ దొరికిందా?" అంది పెద్దమ్మ, పళ్ళు కొరుకుతూ.

"దొరికింది. చక్కగా కలిసింది కూడా."

ఇరవై రెండేళ్ళ గుండీలు. నేల మీద పెద్ద దుప్పటి పరిచి పోశాం. కుప్ప మోకాలెత్తు వచ్చింది. అందులో సగం నల్లవే. ముగ్గురం చుట్టూ కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. పావుగంటలో నా కళ్ళకి అన్నీ గింజల్లాగే కనిపించసాగాయి. "ఇది?" అంటాడు పెద్దనాన్న. "దానికి నాలుగు రంధ్రాలున్నాయి," అంటుంది పెద్దమ్మ. "ఇది?" "అది మీ చొక్కాదే, ఇప్పుడే ఊడింది."

ఇలా అయితే శనివారం దాకా పడుతుందని తెలిసిపోయింది. అప్పుడు పెద్దమ్మ చేతులు ఆపేసింది. ఆమె కళ్ళు గోడ పక్కన ఆరేసిన వల సంచీల మీద ఆగాయి. మేజోళ్ళు జత తప్పకుండా ఉండడానికి వాటిని వేసి ఉతికే సంచీలు. వల కన్ను చిటికెన వేలి కొసంత ఉంటుంది.

"గుండీ వెడల్పు. గింజ సన్నం," అంది. "మనం వెతకడమెందుకు? జల్లించేద్దాం."

అంతే. రెండు గుప్పిళ్ళు సంచీలో వేయడం, దుప్పటి మీద ఊపడం. పెద్దనాన్న ఊపాడు, నేను ఏరాను, పెద్దమ్మ నింపింది. గుండీలు సంచీలోనే ఉండిపోయాయి. కింద రాలినవి హుక్కులు, టిచ్ బటన్లు, ఒక ముత్యం, ఒక దుద్దు మర, ఎవరిదో పాలపన్ను.

"ఈ పన్ను ఎవరిదో చీటీ రాయలేదేం?" అన్నాడు పెద్దనాన్న.

"ఊపండి," అంది పెద్దమ్మ.

కుప్ప తరిగేసరికి మధ్యాహ్నమైంది. నా అరచేతిలో నాలుగు నల్ల ముక్కలు తేలాయి. ఒకటి చెప్పు అడుగు ముక్క, గోరుతో నొక్కితే మెత్తగా దిగింది. ఇంకొకటి దువ్వెన పన్ను. మిగతా రెండూ ఒకేలా ఉన్నాయి. ఒక పక్క మందం, ఒక పక్క సన్నం, రంధ్రాలు లేవు. మంగళవారం నేను చూసింది ఏదో నేనే చెప్పలేకపోయాను.

"రెండూ తీసుకుని తాత దగ్గరికి పోదాం," అంది పెద్దమ్మ.

అప్పుడు నాకు మేకు మీది నకలు తాళం కనిపించింది. బండి తలుపు తెరిచిన తాళం. ఇంజన్‌ని ఒప్పించలేకపోయిన తాళం. తాత మాట చెవిలో మోగింది. గింజే అసలు తాళం, మిగతాది డొప్ప. డొప్ప అంటే ఏదైతేనేం?

మూటలకి చీటీలు అంటించే టేపు చింపి, మొదటి నల్ల ముక్కని నకలు తాళం తలకి అంటించాను. ఎందుకని వాళ్ళు అడగలేదు. నా వెనకే సందులోకి వచ్చారు.

పెద్దమ్మ కూర్చుని తిప్పింది. గరగర. ఊపిరి. చప్పబడింది. ఎర్ర దీపం కొట్టుకుంటోంది.

పక్కింటి టైలరమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. "ఏమైంది వదినా?"

"ఏమీ లేదు, గుండీ కుడుతున్నాం," అన్నాడు పెద్దనాన్న.

ఎప్పటిదో, ఎవరి బండిదో తెలియని ఆ మొదటి ముక్క పీకేసి రెండోది అంటించాను. టేపు మీద వేలితో గట్టిగా రుద్దాను. పెద్దమ్మ తాళం తీసుకుని, లోపల పెట్టి, కళ్ళు మూసుకుని తిప్పింది.

గరగర. ఊపిరి. తర్వాత ఇంజన్ అందుకుంది. అందుకుని, ఆగలేదు. ఎర్ర దీపం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. బండి మొత్తం సన్నగా వణుకుతూ, వానలో తడిసి వచ్చిన కుక్కలాగా ఒళ్ళు దులుపుకుని, నిలకడగా చప్పుడు చేయసాగింది.

పెద్దమ్మ కళ్ళు తెరవలేదు. "ఆరిందా?"

"ఆరింది," అన్నాను.

"నిజంగా ఆరిందా?"

"ఆరింది పెద్దమ్మా! ఆరిపోయింది!" అని అరిచాను. నేను అంత గట్టిగా అరవగలనని మా సందులో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. పెద్దనాన్న చేతిలోని వల సంచీని గాల్లోకి విసిరేశాడు. సగం గుండీలు ఇంకా అందులోనే ఉన్నాయి. అవన్నీ బండి పైకప్పు మీద వడగళ్ళలా టపటపా రాలాయి.

"పొదుపు మొత్తం ఒకేసారి తీసి ఖర్చుపెట్టేసింది!" అని కేకలు వేశాడాయన.

పెద్దమ్మ బండి ఆపలేదు. "ఎక్కు," అంది నాతో. ఆ టేపు తాళంతోనే పాత బజారు దాకా నడిపింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా టేపు ఊడలేదు కదా అని వేలితో అదిమాను. తాత మెట్ల కింద నుంచి వంగి బయటికొచ్చి, టేపు చుట్టిన తాళం చూసి, నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

"నలభై ఏళ్ళ నుంచి ఈ పని చేస్తున్నా. ఇలాంటి డొప్ప చూడలేదు."

అరగంటలో కొత్త డొప్పలో గింజ కూర్చుంది. పలక కడిగాడు, స్విచ్చి మార్చాడు, చెవి కోసి బిగించాడు. తర్వాత, "అసలు గింజ చేతిలో ఉంది కాబట్టి, దాన్ని చూసి ఇంకో గింజ రాసిస్తా, దానికి నా చిన్న మిషను చాలు. ఒక్క తాళంతో బతకడం ఏం బతుకు?" అని మీటలు లేని మామూలు తాళం ఒకటి అదనంగా చేశాడు. అన్నీ కలిపి ఆయన అడిగింది షోరూము కాగితంలో ఇరవయ్యో వంతు. పెద్దమ్మ బేరమాడలేదు. ఆమె బేరమాడకపోవడం నేను చూడడం అదే మొదటిసారి. డబ్బు ఇచ్చేసి, లేచి, ఆ ఆకుపచ్చ తెరని కొక్కేల్లోంచి ఊడదీసింది.

"ఎక్కడికమ్మా అది?"

"శనివారానికి ఇస్తా. పొద్దున్న దీన్ని చూసి ఓర్చుకున్నా. ఇంక నా వల్ల కాదు."

శనివారం డ్రైయర్ వచ్చింది. నలుగురు మోసుకొచ్చి గుమ్మంలో ఇరికించి, తలుపు ఊడదీసి, లోపలికి నెట్టారు. పెద్దమ్మ కవరు తీసి వాళ్ళ చేతిలో పెడుతుండగా ఫోను మోగింది. షోరూము అబ్బాయి.

"మేడమ్, ఏం నిర్ణయించుకున్నారు? ఈ రోజు బుక్ చేస్తే రెండు శాతం తగ్గింపు ఉంది."

"వద్దు బాబూ, అయిపోయింది. బండి నడుస్తోంది."

"ఎలా మేడమ్?"

"విప్పి చూశాం," అంది పెద్దమ్మ. కొంచెం ఆగి, "టై మరక పోయిందా?" అని అడిగింది.

"పోయింది మేడమ్," అన్నాడతను చిన్న గొంతుతో.

డ్రైయర్‌లో మొదట ఆరింది తాత తెర. అది నిజంగా ఆకుపచ్చే. చిన్న చిన్న పసుపు పూలు కూడా ఉన్నాయని ఆ రోజు దాకా తాతకే తెలియదు.

సోమవారం పొద్దున్న ఆసుపత్రిలో మూటలు దింపి, పెద్ద నర్సుని మా కార్లోనే ఎక్కించుకుని వచ్చాం. ఆమె డ్రైయర్ చుట్టూ తిరిగింది, తలుపు తెరిచి లోపల చెయ్యి పెట్టి వేడి చూసింది. వెళ్తూ వెళ్తూ గోడ దగ్గర ఆగింది. నీలం చొక్కా పక్కన ఇప్పుడు ఒక తెల్ల ఏప్రాన్ వేలాడుతోంది. దాని జేబుని చుట్టూ ఎర్ర దారంతో కుట్టేసి ఉంది.

"ఇది మరకల చొక్కా, సరే. ఈ ఏప్రాన్‌కి ఏమైంది? శుభ్రంగా ఉందిగా."

"అది నాది," అంది పెద్దమ్మ. "దాని జేబు చూడకుండా మిషన్లో వేశాను."

పెద్ద నర్సు ఆమె మొహంలోకి చూసింది. తన తెల్లకోటు జేబులో చెయ్యి పెట్టింది. మూల దాకా తడిమి, ఒక థర్మామీటరు, రెండు పెన్నులు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఒక పెన్ను మూత తీసి కాగితాల మీద సంతకం చేసింది. కోటు విప్పి నా చేతికిచ్చి, "దీన్ని కూడా వేసెయ్యమ్మా," అంది.

నేను కోటు అందుకుని, మళ్ళీ ఒకసారి జేబులు తడిమాను. నర్సు నవ్వింది.

ఆమెని దింపడానికి పెద్దమ్మ బయల్దేరింది. బండి ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే కొత్త రిమోట్ నొక్కింది. టక్‌మని తలుపులు తెరుచుకుని దీపాలు మెరిశాయి. మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

"ఏమైంది, పని చెయ్యట్లేదా?" అంది నర్సు.

"చేస్తోంది," అంది పెద్దమ్మ, ఇంకోసారి నొక్కుతూ.